తంతి ఉద్యోగి అడిగిన లెక్క

ఊరూరి కష్టసుఖములను చేరవేసిన తపాలా తంతి ఉద్యోగులు తమ కష్టమును సమ్మెతో వినిపింపవలసి వచ్చినది. 1957లో ప్రభుత్వము, యజమానులు, కార్మికులు కూడి కనీస వేతనమునకు ఒక కొలమానము నిర్ణయించినారు: ముగ్గురు పెద్దలకు సరిపడు ఆహారము, నలుగురికి ఏటా 72 గజముల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపము మొదలగువానికి మొత్తములో ఐదవవంతు.

నిర్ణయించిన ప్రభుత్వమే తన ఉద్యోగులకు ఆ లెక్క అమలుపరుపలేదు. 1960 జూలైలో ఐదు దినములు, 1968 సెప్టెంబరు 19న ఒక దినము ఇతర కేంద్రోద్యోగులతో కలిసి వారు పని మానినారు. ఆర్డినెన్సులు వెలువడినవి; అరెస్టులు జరిగినవి.

ఆ కొలమానములో బిడ్డల చదువునకు చోటు లేదు. 1991లో సుప్రీంకోర్టు దానిని చేర్చినది. తంతి 2013లో మూగబోయినది. నేడు సెల్‌ఫోను స్తంభమెక్కు కూలీ ఇంట బియ్యము, బట్ట, పలక అన్నియు ఆ లెక్కలోనివే.