ఉమ్రాకు వెళ్తున్నారా? మెనింజైటిస్ టీకా సంగతి మర్చిపోవద్దు

ఉమ్రా ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడు మన ఇళ్లల్లో అన్నీ అడుగుతారు. హోటల్ హరమ్‌కి ఎంత దూరం, భోజనం మనవాళ్లదేనా, సామాను ఎన్ని కిలోలు? టీకా గురించి అడిగేవాళ్లు మాత్రం తక్కువ. హజ్ కమిటీ ద్వారా వెళ్లే హాజీలకు ప్రభుత్వ క్యాంపుల్లోనే టీకాలు వేస్తారు. ప్రైవేటు ట్రావెల్స్‌తో ఉమ్రాకు వెళ్లేవాళ్లు మాత్రం సొంతంగా చూసుకోవాలి. అక్కడే చాలామంది వదిలేస్తున్నారు.

ఏమిటీ జబ్బు?

మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే పొరలకు వాపు రావడాన్ని మెనింజైటిస్ అంటారు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో వేగంగా ప్రాణం మీదికి తెచ్చేది మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియా. ఇది రక్తంలోకి కూడా పాకి ఒళ్లంతా విషం చేస్తుంది. మన జిల్లాల్లో పిల్లలకు వేసే మెదడువాపు టీకా వేరే వైరస్ కోసం. ఆ టీకా పడింది కదా అని ధీమాగా ఉండకూడదు.

ఎలా అంటుకుంటుంది?

సుమారు 10 శాతం మంది ముక్కులో, గొంతులో ఈ క్రిమి ఉంటుంది. వాళ్లకు ఏ జబ్బూ ఉండదు. దగ్గు, తుమ్ము, ఉమ్మి తుంపర్ల ద్వారా, దగ్గరగా ఎక్కువసేపు ఉండటం వల్ల ఇంకొకరికి చేరుతుంది. ఒకే గదిలో నలుగురైదుగురు పడుకోవడం, ఒకే గ్లాసులో అందరూ నోరు పెట్టి నీళ్లు తాగడం లాంటివి దీనికి దారి. తిరిగొచ్చాక జమ్‌జమ్ పంచేటప్పుడు కూడా ఎవరి గ్లాసు వాళ్లకు ఇవ్వడం మంచిది.

హజ్‌తో లింకు ఏమిటి?

1987లో హజ్ సమయంలో 'ఎ' రకం క్రిమితో పెద్ద ఎత్తున జబ్బు వ్యాపించింది. ఆ తర్వాత సౌదీ ప్రభుత్వం టీకా తప్పనిసరి చేసింది. అప్పట్లో చాలామంది వేసుకున్న టీకా 'ఎ', 'సి' రకాలకే పనిచేసేది. 2000లో 'డబ్ల్యూ' రకం వచ్చింది. హాజీలతో పాటు, ఇంటికొచ్చిన హాజీల నుంచి కుటుంబసభ్యులకూ సోకింది. అందుకే ఇప్పుడు ఎ, సి, డబ్ల్యూ, వై నాలుగు రకాలకూ పనిచేసే టీకా అడుగుతున్నారు. 2024లో కూడా ఉమ్రా ప్రయాణాలతో ముడిపడిన 12 కేసులు అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్‌లలో బయటపడ్డాయి. వారిలో తొమ్మిది మంది టీకా వేసుకోలేదు. మిగతా ముగ్గురు వేసుకున్నారో లేదో తేలలేదు.

లక్షణాలు

క్రిమి సోకాక 2 నుంచి 10 రోజుల్లో జబ్బు బయటపడుతుంది. ఉన్నట్టుండి తీవ్ర జ్వరం, భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, మాట తికమక పడటం ముఖ్య గుర్తులు. చేతులు, కాళ్లు చల్లబడొచ్చు. పసిపిల్లలైతే పాలు తాగరు, అదోలా ఏడుస్తారు, మాడు ఉబ్బుతుంది.

ఒంటిమీద ఎరుపు లేదా ఊదా మచ్చలు వస్తే గాజు గ్లాసుతో నొక్కి చూడండి. మచ్చ మాయం కాకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. చామనఛాయ ఒంటిమీద మచ్చ సరిగా కనబడదు కాబట్టి అరచేతులు, అరికాళ్లు, కనురెప్పల లోపల చూడాలి. మచ్చలు రాలేదని ఆగకూడదు, అందరికీ రావు.

చికిత్స

ఉమ్రా నుంచి వచ్చాక జ్వరం వస్తే 'ప్రయాణం అలసట' అనుకుని రెండ్రోజులు ఇంట్లో మాత్రలతో గడిపేస్తారు. ఈ జబ్బులో ఆ రెండ్రోజులే ప్రాణం తీయొచ్చు. చికిత్స లేకపోతే సగం మంది వరకు చనిపోతారు. చికిత్స అందినా 10 నుంచి 15 శాతం మంది దక్కరు. బతికినవాళ్లలో కొందరికి చెవుడు వస్తుంది, కొందరికి చేయి లేదా కాలు తీసేయాల్సి వస్తుంది. సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి యాంటీబయోటిక్ నరం ద్వారా వెంటనే పడాలి. డాక్టర్‌కు ఎక్కడి నుంచి వచ్చారో మొదటే చెప్పండి. ఇంట్లో దగ్గరగా ఉన్నవాళ్లకు కూడా మందు అవసరం. అది వీలైతే 24 గంటల్లోపే, డాక్టర్ రాసిందే వాడాలి.

వెళ్లేముందు ఏం చేయాలి?

టీకా సౌదీ చేరడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఏడాది దాటిన పిల్లలకూ ఇదే లెక్క. కాంజుగేట్ టీకా అయితే 5 ఏళ్లు, పాత రకం పాలీశాకరైడ్ అయితే 3 ఏళ్లు చెల్లుతుంది. సర్టిఫికెట్ మీద రకం పేరు తప్పక రాయించుకోండి. కాంజుగేట్‌కు ఇంకో లాభం ఉంది. గొంతులో క్రిమి చేరడాన్ని కూడా అది తగ్గిస్తుంది. అంటే ఇంట్లో ఉన్న మనవళ్లకూ రక్షణే.

టీకా వేసుకోకుండా కాగితం మాత్రం సంపాదిస్తే ఎయిర్‌పోర్టు దాటొచ్చేమో గానీ, క్రిమి ఆ కాగితం చూసి ఆగదు. దువాతో పాటు దవా కూడా ఉండాలని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈసారి ప్యాకేజీ మాట్లాడేటప్పుడు హోటల్ కంటే ముందు టీకా గురించి అడగండి.