సూర్యలంక తీరానికి అరుదైన అతిథులు: ఆలివ్ రిడ్లే తాబేళ్లను చూడదలచిన వారికి సూచనలు

(ప్రత్యేక వ్యాసం)

సముద్రంలోని అరుదైన జీవులను చూడాలంటే విశాఖపట్నమో, చెన్నైయో వెళ్లి అక్వేరియంలోని అద్దాల తొట్ల ముందు నిలబడవలసిందేనన్న అభిప్రాయం గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల ప్రజలలో చాలామందికి ఉన్నది. అయితే ప్రపంచవ్యాప్తంగా ముప్పును ఎదుర్కొంటున్న ఒక సముద్ర జీవి యేటా మన తీరానికే నడచి వస్తున్నదన్న సంగతి కొద్దిమందికే తెలుసు. కళ్లాలలో మిర్చి ఆరబోసి, టిక్కీలు గుంటూరు యార్డుకు తరలే రోజులలోనే, అంటే జనవరి నుంచి మార్చి వరకు, ఆలివ్ రిడ్లే జాతికి చెందిన తల్లి తాబేళ్లు రాత్రి వేళ బాపట్ల, ప్రకాశం జిల్లాల ఇసుక తీరాలకు చేరి గుడ్లు పెట్టి తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతాయి. ఆ గుడ్ల నుంచి వెలువడిన పిల్లలను అటవీ శాఖ సంరక్షణలో కడలికి సాగనంపే దృశ్యాన్ని సామాన్య ప్రజలు సైతం తిలకించవచ్చు. అందుకు కావలసినది కొంత ముందస్తు ఆలోచన, కొంత ఓపిక, మరికొంత క్రమశిక్షణ.

ఎవరీ అతిథులు?

సముద్ర తాబేళ్లలో చిన్న జాతులలో ఆలివ్ రిడ్లే ఒకటి. పెరిగిన తాబేలు పొడవు సుమారు 60 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటుంది. పైచిప్ప ఆలివ్ కాయ రంగులో ఉండడం వలన దీనికి ఈ పేరు వచ్చింది. పీతలు, రొయ్యలు, జెల్లీ చేపలు దీని ఆహారం. నీటిలోనే జీవించినా దీనికి చేపల వలె మొప్పలు లేవు; ఊపిరి కోసం తరచుగా నీటిపైకి రావలసిందే. దీని జీవితంలోని అతి పెద్ద ప్రమాదానికి మూలం కూడా ఇదే.

ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాలలో ఈ తాబేళ్లు లక్షల సంఖ్యలో ఒక్కసారిగా గుడ్లు పెట్టడం ప్రపంచ ప్రసిద్ధి చెందింది. 2025 ఫిబ్రవరిలో రుషికుల్య వద్ద దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టినట్లు లెక్క తేలింది. మన తీరంలో అంతటి సామూహిక ఘట్టం జరగదు. ఇక్కడ తాబేళ్లు విడివిడిగా వస్తాయి. అందువలన ఒక్కొక్క గూటినీ వెదకి కాపాడవలసి ఉంటుంది.

గుడ్డు నుంచి కడలి వరకు

తల్లి తాబేలు వెనుక కాళ్లతో ఇసుకలో సుమారు అడుగున్నర లోతు గొయ్యి తీసి, ఒక విడతలో 100 నుంచి 120 వరకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. ఆ తరువాత అది గూటి వైపు తిరిగి చూడదు. కుక్కలు, నక్కలు, మనుషుల బారి నుంచి గుడ్లను రక్షించేందుకు అటవీ శాఖ సిబ్బంది, శిక్షణ పొందిన స్థానిక మత్స్యకార యువకులు రాత్రి, తెల్లవారుజాము వేళలలో తీరం వెంట తిరిగి, తాబేలు పాకిన జాడలను బట్టి గూళ్లను గుర్తిస్తారు. గుడ్లను జాగ్రత్తగా తీసి, తీరంలోనే కంచె వేసిన సంరక్షణ కేంద్రంలో అదే లోతున తిరిగి పూడుస్తారు. ఏ గూటిలో ఎన్ని గుడ్లు ఉన్నవో, ఏ తేదీన పూడ్చారో వివరాలు నమోదు చేస్తారు.

గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. పొదిగేది తల్లి కాదు, ఇసుకలోని వేడి. ఇసుక వెచ్చగా ఉంటే ఆడ పిల్లలు, చల్లగా ఉంటే మగ పిల్లలు ఎక్కువగా పుడతాయి. కనుక ఎండలు ముదిరినపుడు గూళ్లపై నీడ కల్పించడం కూడా సంరక్షణలో భాగమే.

ప్రయాణం ఎప్పుడు, ఎలా?

గుడ్లు పెట్టే తాబేలును చూడాలన్న ఆసక్తితో రాత్రి వేళ ఎవరికి వారు తీరానికి వెళ్లరాదు. ఒడ్డుకు వస్తున్న తాబేలు అలికిడి విన్నా, వెలుతురు చూసినా గుడ్లు పెట్టకుండానే వెనుదిరిగే ప్రమాదం ఉన్నది. సందర్శకులకు అనువైనది పిల్లలను విడిచిపెట్టే ఘట్టం. ఇది సాధారణంగా ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ వరకు, ఎండ ఎక్కక ముందే, తెల్లవారుజామున జరుగుతుంది. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి కనుక, పిల్లలతో వచ్చే కుటుంబాలకు, పాఠశాలలకు కూడా ఇది వీలైన సమయం.

పిల్లలు ఏ రోజు వెలువడతాయో ముందుగా కచ్చితంగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అందువలన బయలుదేరే ముందు బాపట్ల జిల్లా అటవీ శాఖ అధికారులను సంప్రదించి, ఆ వారంలో పొదిగే గూళ్లు ఉన్నవో లేవో తెలుసుకొనడం, అనుమతి పొందడం తప్పనిసరి. పాఠశాలలు ఎందరు విద్యార్థులు వస్తున్నదీ ముందే తెలియజేయడం మంచిది.

సూర్యలంక తీరం బాపట్ల పట్టణానికి సుమారు 9 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా, నరసరావుపేట, చిలకలూరిపేట వైపు వారు చీరాల మీదుగా రోడ్డు మార్గాన బాపట్ల చేరుకొనవచ్చు. ఒంగోలు, తెనాలి వైపుల నుంచి రైలు సౌకర్యం ఉన్నది. తెల్లవారకముందే తీరానికి చేరవలసి ఉంటుంది కనుక ముందు రోజు రాత్రి బాపట్లలోనో, సూర్యలంకలోనో బస చేయడం మేలు. సూర్యలంకలో భారత వాయుసేన కేంద్రం ఉన్నందున నిషేధిత ప్రాంతాలలోకి వెళ్లడం, అక్కడ ఫోటోలు తీయడం చేయరాదు. ఈ తీరంలో స్నానాలకు దిగి ప్రాణాలు కోల్పోయిన వారు ఉన్నారు. పిల్లలను ఒంటరిగా నీటిలోకి పంపరాదు.

పాటించవలసిన జాగ్రత్తలు

గూటి నుంచి వెలువడిన పిల్ల వెలుతురు ఉన్న దిక్కుకు పాకుతుంది. సహజంగా రాత్రి వేళ సముద్రపు అంచే కాంతివంతంగా ఉంటుంది కనుక అది నీటిని చేరుతుంది. తీరంలో టార్చిలైట్లు, వాహనాల దీపాలు, కెమెరా ఫ్లాష్‌లు వెలిగితే అది దారి తప్పి ఊరి వైపు పాకి, ఎండకో, కాకులకో, కుక్కలకో బలి అవుతుంది. కనుక దీపాలు పూర్తిగా ఆర్పివేయాలి.

తాబేలు పిల్లలను చేతిలోకి తీసుకొనడం, ఫోటో కోసం బకెట్లలో ఉంచడం, జాలితో నేరుగా నీటిలో వదలడం తగదు. ఇసుకపై కొంత దూరం తమంత తాముగా పాకి సముద్రంలో ప్రవేశించనివ్వాలి. సిబ్బంది కట్టిన తాడు వెనుకనే నిలబడాలి. ఇసుకలో లోతుగా పడిన అడుగు జాడ, వాహనపు చక్రపు గాడి సైతం రెండు అంగుళాల పిల్లకు దాటరాని గోతులే. కనుక వాహనాలను తీరం మీదికి తీసుకురాకూడదు. ఇసుకలో గుడ్లు కనిపిస్తే కదపకుండా సిబ్బందికి తెలియజేయాలి. గుడ్డును అటూ ఇటూ తిప్పితే లోపలి పిండం చనిపోయే ప్రమాదం ఉన్నది.

ఆలివ్ రిడ్లే తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది. దీనిని చంపినా, గుడ్లు తీసినా, అమ్మినా, ఇంట్లో ఉంచుకొన్నా మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా పడే అవకాశం ఉన్నది.

వలలో చిక్కిన ఊపిరి

2025 జనవరిలో చెన్నై పరిసర తీరాలకు వెయ్యికి పైగా తాబేళ్ల కళేబరాలు కొట్టుకువచ్చిన విషయం విదితమే. మన తీరం కూడా ఈ విషాదానికి అతీతం కాదు. ట్రాల్ వలలో చిక్కిన తాబేలు నీటిపైకి వచ్చి ఊపిరి పీల్చుకొనే వీలు లేక మరణిస్తుంది. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలులో ఉంటున్నది. అయితే తాబేళ్లు తీరానికి చేరువగా గుమిగూడేది అంతకు ముందే. కనుక నిషేధం వాటికి పూర్తి రక్షణ కాదు.

ఇందుకు పరిష్కారంగా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ టెడ్ అనే పరికరాన్ని మన వలలకు అనుగుణంగా రూపొందించింది. వలలో అమర్చే ఈ లోహపు చట్రంలోని కమ్మీల నడుమ నుంచి రొయ్యలు వల అడుగుకు చేరతాయి. తాబేలు కమ్మీలకు తగిలి, పక్కనున్న ద్వారం గుండా బయటపడుతుంది. కొంత చేప కూడా జారిపోతుందన్న మత్స్యకారుల ఆవేదనలో వాస్తవం లేకపోలేదు. అయితే సముద్రంలో పట్టిన భారతీయ రొయ్యల దిగుమతిని అమెరికా 2019లో నిలిపివేయడానికి ఈ పరికరం వాడకపోవడమే కారణమన్న సంగతి కూడా గమనించదగినది. తాబేలు క్షేమం, మత్స్యకారుల ఆదాయం పరస్పర విరుద్ధం కావని దీనివలన స్పష్టమవుతున్నది.

పొలానికీ, సముద్రానికీ సంబంధం

తీరానికి దూరంగా ఉన్న పత్తి, మిర్చి రైతుకు ఈ తాబేలుతో ఏమి పని అన్న ప్రశ్న సహజమే. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ ప్రకాశం జిల్లా పొలాల మీదుగా పారి సముద్రంలో కలుస్తుంది. గుంటూరు ప్రాంతపు వాగులు, మురుగు కాలువలు చేరేదీ అక్కడికే. కాలువ గట్టున పారవేసిన ఖాళీ పురుగుమందు డబ్బా, ప్లాస్టిక్ సంచి వాన నీటితో కొట్టుకుపోయి చివరకు సముద్రానికే చేరతాయి. నీటిలో తేలే పలుచని సంచిని జెల్లీ చేపగా భ్రమించి తాబేలు మింగుతుంది. కనుక తాబేలు సంరక్షణ మత్స్యకార గ్రామాలలోనే కాక, పొలం గట్టు మీద కూడా మొదలు కావలసి ఉన్నది.

కడలిలో ప్రవేశించిన వేయి పిల్లలలో పెరిగి పెద్దయ్యేది ఒక్కటేనని నిపుణుల అంచనా. ఆ ఒక్కటి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. ఆడ తాబేలు సాధారణంగా తాను పుట్టిన తీర ప్రాంతాన్నే వెదకుకొంటూ వస్తుంది. ఈ యేడు సూర్యలంకలో తాడు వెనుక నిలబడి తాబేలు పిల్లలను సాగనంపిన అయిదో తరగతి విద్యార్థి కళాశాల చదువు ముగించుకొనే నాటికి వాటిలో ఒకటి తల్లిగా మన తీరానికి తిరిగి రావచ్చు. ఆనాటికి ఇసుక శుభ్రంగా, తీరం చీకటిగా, వలలు సురక్షితంగా ఉండేటట్లు చూడడం మనందరి బాధ్యత. సందర్శకులు, మత్స్యకారులు, రైతులు ఈ కృషిలో సహకరించవలసిందిగా విజ్ఞప్తి.