పైన పోయేది ఏ విమానం? ఫోటో ఎక్కడ తియ్యొచ్చు, ఎక్కడ తియ్యొద్దు?

ఈ ఎపిసోడ్‌లో విమానాల ముచ్చట్లు చెప్పుకున్నాం కదా, టైమ్ చాలక వదిలేసినవి ఇక్కడ రాస్తున్నా.

సోనాపూర్ క్యాంపులో ఉన్నప్పుడు బట్టలు ఆరేయడానికి మేడెక్కితే దుబాయ్ ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు కనిపించేవి. మా రూమ్‌లోని నిజామాబాద్ అన్న ఒక్కోదాని పేరు చెప్పేవాడు. చదివింది ఏడో తరగతి. "ఎట్ల తెలుసన్నా?" అంటే "ముందు ఇంజన్లు లెక్కపెట్టు తమ్మీ" అన్నాడు. నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే.

గుర్తుపట్టడం ఎలా?

నాలుగు ఇంజన్లు, ముందు నుంచి వెనకదాకా రెండు వరసల కిటికీలు ఉంటే అది ఎయిర్‌బస్ ఏ380. ఎమిరేట్స్ దగ్గర ఉన్నన్ని ఇంకెవరి దగ్గరా లేవు. విమాన సంస్థలకు మొత్తం 251 ఇచ్చారు. 2021 డిసెంబరులో చివరిది కూడా ఎమిరేట్స్‌కే ఇచ్చారు.

నాలుగు ఇంజన్లుండి, ఒంగోలు గిత్తలా ముందువైపు మాత్రమే మూపురం ఉంటే బోయింగ్ 747.

రెండు ఇంజన్ల పెద్ద విమానమైతే చక్రాలు చూడండి. రెక్కల కింద ఒక్కో వైపు ఆరు చక్రాలుంటే ఎక్కువగా 777. ఇంజన్ వెనక అంచు రంపం పళ్లలా ఉంటే 787 కావొచ్చు. 787 లోపల కిటికీకి తెర ఉండదు, బటన్ నొక్కితే అద్దమే నల్లబడుతుంది.

చిన్నవాటిలో 737కి చక్రాలు ముడిచాక కూడా కింద నుంచి కనిపిస్తాయి. ఏ320కి మూతలు పూర్తిగా పడిపోతాయి.

తోక దగ్గర రాసిన అక్షరాలు బండి నంబరు లాంటివి. వీటీ అంటే ఇండియా, ఏ6 అంటే యూఏఈ, 9కే అంటే కువైట్, ఏ7 అంటే ఖతార్.

ఫోటో లేని విమానం

మా మేనమామ 1990లో కువైట్‌లో ఉన్నాడు. ఇరాక్ సైన్యం వచ్చాక బస్సుల్లో జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయి వచ్చాడు. అప్పుడు అలా సుమారు 1,70,000 మందిని తీసుకొచ్చారు. తనను ఇంటికి చేర్చిన విమానం ఏ మోడలో మామకు ఈరోజుకీ తెలియదు. ఒక్క ఫోటో కూడా లేదు. అందుకే ఫోటో తీసుకోండి అంటాను. కానీ చోటు చూసి తియ్యండి.

ఇక్కడ జాగ్రత్త

నిజామాబాద్ అన్న ఒకసారి ఎయిర్‌పోర్టు కంచె దగ్గర ఫోన్ ఎత్తాడు. సెక్యూరిటీ వాళ్లు పట్టుకెళ్లారు. రాత్రికి వదిలారు గానీ ఆ రోజు డ్యూటీ పోయింది, జీతం కట్ అయింది. ఆయన అదృష్టవంతుడనే చెప్పాలి. 2015లో ఫుజైరా ఎయిర్‌పోర్టు దగ్గర విమానాలు చూస్తూ నంబర్లు రాసుకుంటున్న బ్రిటన్ అభిమానులు అరెస్టయి, దాదాపు రెండు నెలలు జైల్లో ఉన్నారు. వాళ్ల సరదా వాళ్లకు మామూలే, అక్కడి చట్టానికి మాత్రం అనుమానం.

కాబట్టి:

- కంచె బయట నిలబడి ఫోటో, వీడియో, బైనాక్యులర్ ఏదీ వద్దు.
- ఇమిగ్రేషన్, చెకింగ్, పోలీసులు, సైనిక విమానాల వైపు ఫోన్ తిప్పొద్దు.
- పక్కవాళ్ల ముఖాలు, ముఖ్యంగా ఆడవాళ్లవి, అడగకుండా తియ్యొద్దు.
- ఎయిర్‌పోర్టులో క్లీనింగ్, లోడింగ్ పని చేసే తమ్ముళ్లూ, విమానం పక్కన సెల్ఫీ ఒక్కటి స్టేటస్‌లో పెట్టినా పాస్, ఉద్యోగం రెండూ పోవచ్చు.
- ఊళ్లోనూ అంతే. విశాఖ ఎయిర్‌పోర్టు నేవీ స్థావరంలోనే ఉంది, అక్కడ దిగేటప్పుడు ఫోన్ జేబులో పెట్టండి.
- బోర్డింగ్ పాస్ ఫోటో ఎవరికీ పంపొద్దు. దాని మీది కోడ్‌తో మీ టికెట్ వివరాలు బయటపడతాయి.

మరి ఎక్కడ తియ్యాలి? మీ కిటికీ సీటు నుంచి, సిబ్బంది వద్దనకపోతే రెక్క, మబ్బులు తియ్యండి. ముందు సీటు జేబులో సేఫ్టీ కార్డు ఉంటుంది, దాని మీద విమానం మోడల్ రాసి ఉంటుంది. ఆ మోడల్, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది ఫోటోతోపాటు రాసి పెట్టుకోండి. రేపు పిల్లలు అడిగితే మా మామలా "ఏదో విమానం" అనాల్సిన పని ఉండదు.