వ్రాతపనియు దాని వెలయు

గృహకృత్యములు ముగిసిన పిదప దొరకు రెండు గడియలలో కథలును వ్యాసములును వ్రాయుచు, పరుల గ్రంథములను దిద్దుచు నాలుగు రూకలు గడించు సోదరీమణులు నేడు పలువురు గలరు. వారికి భాషాజ్ఞానమున కొదువ లేదు. కొదువయెల్ల వెల యడుగుటయందే. మే మెఱిగిన యొక వితంతువు మున్నూఱు పుటల గ్రంథమునకు అచ్చుచిత్తులు మూడుమారులు దిద్ది యిచ్చెను. వెల ముందుగా నిర్ణయింపబడలేదు. ప్రకాశకుడు తుద కొక పట్టుచీర పంపి, "మీరు మా యింటివారివంటివారు గదా" యనెను. ఆ నెల యామె కుమారుని కళాశాల జీతము చీరతో తీరునా?

కావున పనియెంత, గడువెన్నడు, ఎన్నిమారులు దిద్దవలెను, సొమ్మెప్పుడు చేరును అను సంగతులు ముందే కాగితముపై నుండవలెను. పెద్దపనికి మూడవవంతు ముందుగా నడుగుట లోభము కాదు. మావారు బడిపిల్లల వ్రాతలు దిద్ది జీతము పుచ్చుకొనుటకు సిగ్గుపడరు; మనకేల సిగ్గు? పుటకింత యని యొప్పుకొనుటకంటె మాటల లెక్కయే మేలని మా యభిప్రాయము. చిన్నయక్షరముల పుటలో పని హెచ్చు. ముందుగా నైదు పుటలు దిద్ది, పట్టిన కాలము గడియారమున చూచుకొన్నచో వెల తానై తేలును. అచ్చుతప్పులు చూచుట వేఱు, వాక్యములు తిరుగవ్రాయుట వేఱు. మొదటిదాని వెలకు రెండవది చేయింపజూచువారు తఱచుగ నుందురు.

ఇక గ్రంథస్వామ్యము. మన దేశపు 1957 సంవత్సరపు చట్టము ననుసరించి, ఉద్యోగధర్మముగా గాక స్వతంత్రముగా వ్రాసిన రచనకు సామాన్యముగా మొదటి స్వామిని రచయిత్రియే. సంతకముతో గూడిన పత్రము లేనిదే యా స్వామ్యమును పరుల కిచ్చుట చెల్లదు. పత్రములో గడువు చెప్పనిచో నైదేండ్లకే, దేశము చెప్పనిచో భారతదేశమునకే యది పరిమితము. రచయిత్రి జీవితకాలమును, అటుపై నఱువదియేండ్లును స్వామ్యము నిలుచును. అనగా మనుమలకును దక్కెడి యాస్తి. పొలము దస్తావేజును పదిమారులు చదివించుకొను మనము "సర్వహక్కులును" అను మాటను చదువకయే సంతకము పెట్టనేల? పత్రికకు కథ పంపునపుడు, ఒక్కమారు ప్రకటించుటకు మాత్రమే యిచ్చుచున్నామని లేఖలో నొక పంక్తి చేర్పవలెను.

సొమ్ము గడువు దాటిన పదునైదు దినములకు పనియు, తేదియు, మొత్తమును పేర్కొని యుత్తరము వ్రాయవలెను. రెండవ యుత్తరమునకును బదులు రానిచో, ఆ చోటినుండి మఱి పని యొప్పుకొనరాదు.