హాలే నగరమునఁ దెలుఁగు ముద్రణము

మచిలీపట్టణమునఁ జెక్క అచ్చులతో వస్త్రములపైఁ బూవులను, లతలను అద్దుట చిరప్రసిద్ధము. ఆ సీమ వస్త్రములకై 1605లో హాలందువారును, 1611లో ఆంగ్లేయులును అచ్చట కోఠీలు నెలకొల్పిరి. తెలుఁగక్షరములు మొదట అచ్చుపడినది మాత్రము ఆ తీరమునఁ గాదు. జర్మనీ దేశమందలి హాలే నగరమున.

ఆ పనికిఁ బూనుకొన్నవాఁడు బెంజమిన్ షుల్జీ (1689–1760). ఈ క్రైస్తవ బోధకుఁడు 1719లో తరంగంబాడి చేరి, పిదపఁ జెన్నపట్టణమున నివసించి తెలుఁగు నేర్చెను. 1728లో లాటిను భాషలో నితఁడు రచించిన తెలుఁగు వ్యాకరణము చేతివ్రాతగానే నిలిచి, 1984లోఁ గాని వెలువడలేదు. 1743లో స్వదేశమునకు మరలిన పిదపనే, 1746, 1747 సంవత్సరములలో, ప్రశ్నోత్తరరూపమగు మతబోధ మొదలగు చిన్న గ్రంథములు తెలుఁగున ముద్రితములయ్యెను.

తెలుఁగచ్చు సులభసాధ్యము కాదు. తలకట్టు, గుడి, కొమ్ము మొదలగునవి అక్షరముతోఁ గలసియుండవలయును. ఒత్తులలోఁ గొన్ని అక్షరము క్రిందను, కొన్ని ప్రక్కను నిలువవలయును. ఒక్క హల్లునకే గుణింతమున నెన్ని రూపములో బాలశిక్ష చదివినవా రెఱుఁగుదురు. తెలుఁగు వినఁబడని యూరిలో దీనికిఁ దొడఁగుట సాహసమే. షుల్జీ వచనము పండితులకు రుచింపకపోవచ్చును గాని, ఆ పూనికను జిన్నచూపు చూడరాదు.

కాని చదువరులు సముద్రమున కీవల, ముద్రాలయ మావల! దోషములు దిద్దుటకుఁ దెలుఁగు పండితుల సాహాయ్యము అచ్చట దుర్ఘటము. వంగదేశమున శ్రీరామపురమందు కేరీ వ్యాకరణము (1814), చెన్నపట్టణమున కాంబెలు వ్యాకరణము (1816) వెలువడిన నాఁటఁ గాని యీ యెడము తఱుగ నారంభింపలేదు. మచిలీపట్టణమునఁ గొంతకాలము కొలువుచేసిన బ్రౌను వేమన పద్యములను ఆంగ్లానువాదముతో 1829లోఁ జెన్నపట్టణముననే అచ్చొత్తించెను.