నలుగురిలో నోరు పెగలకపోతే పొగరేనా?

ఇంటికి చుట్టాలొస్తే గది తలుపేసుకునే అమ్మాయి, పెళ్లికెళ్తే మూలన కుర్చీ వెతుక్కునే అబ్బాయి మనందరి బంధువర్గంలోనూ ఉంటారు. వీళ్లలో కొందరిది స్వభావం. కొందరిని మాత్రం సోషల్ యాంగ్జైటీ అనే మానసిక సమస్య పట్టి పీడిస్తుంటుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లోనే తన రోగనిర్ధారణ గ్రంథంలో దీన్ని ‘సోషల్ ఫోబియా’ పేరుతో ప్రత్యేకంగా చేర్చింది. చికిత్స కూడా ఉంది. చాలామందిని ఆ చికిత్స దాకా వెళ్లనివ్వనివి మన అపోహలే.

అపోహ: అదంతా బిడియమే, పెద్దయితే అదే పోతుంది.

వాస్తవం: బిడియస్తులు కొత్తచోట కాసేపు ఇబ్బంది పడి, తర్వాత సర్దుకుంటారు. సోషల్ యాంగ్జైటీ ఉన్నవాళ్లకు వచ్చేవారం ఇవ్వాల్సిన సెమినార్ ఇవాళ్టి నుంచే నిద్ర పట్టనివ్వదు. అది అయిపోయాక కూడా ‘ఆ మాట ఎందుకన్నాను, వాళ్లేమనుకున్నారో’ అని రోజుల తరబడి మథనపడతారు. వేదిక ఎక్కితేనే ఈ భయం వస్తుందనుకోకండి. బ్యాంకులో క్లర్క్ చూస్తుండగా సంతకం పెట్టాలన్నా చేయి వణుకుతుంది. సంతకం కలవలేదు, మళ్లీ పెట్టమంటారు. వెనక లైన్లో జనం. ఈసారి వణుకు ఇంకా ఎక్కువవుతుంది, చెమటలు పడతాయి, గొంతు ఎండిపోతుంది. పంక్తిలో కూర్చుని తినడం, మోగుతున్న ఫోన్ ఎత్తడం, క్లాసులో లేచి సందేహం అడగడం కొందరికి ఇలాంటి గండాలే. ఈ భయం ఆరు నెలలు దాటినా తగ్గక, చదువునో ఉద్యోగాన్నో స్నేహాలనో దెబ్బతీస్తుంటే దాన్ని సమస్యగానే చూడాలి. ఎక్కువమందిలో ఇది బాల్యం చివర్లోనో, టీనేజీ మొదట్లోనో తొంగిచూస్తుంది. అందుకే ‘వయసు పిల్ల కదా, సిగ్గు’ అని సరిపెట్టుకుంటాం. అలా వదిలేస్తే చాలామందిలో ఏళ్లకేళ్లు ఉండిపోతుంది.

అపోహ: పలకరించినా మాట్లాడరంటే మనుషులంటే పడదు, పొగరు.

వాస్తవం: ఏకాంతాన్ని ఇష్టపడేవాళ్లు వేరు. వీళ్లకు మనుషులు కావాలి. తలుపు వెనకున్న ఆ అమ్మాయికి హాల్లో నవ్వులు వినిపిస్తూనే ఉంటాయి, వచ్చి కూర్చోవాలనే ఉంటుంది. తప్పు మాట్లాడతానేమో, నవ్వుతారేమో అన్న భయమే కాళ్లు కదలనివ్వదు.

అపోహ: బలవంతంగానైనా నలుగురిలోకి తోస్తే భయం వదులుతుంది.

వాస్తవం: ‘ఏదీ, అంకుల్‌కి ఒక పద్యం చెప్పు’ అని అందరి ముందూ నిలబెట్టడం, తడబడితే నవ్వడం, ‘మా వాడికి నోట్లో నాలుక లేదండీ’ అని వాడి ముందే పరిచయం చేయడం భయాన్ని ఇంకా పెంచుతాయి. బ్రిటన్ మనస్తత్వవేత్తలు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో దీని లోగుట్టును వివరించారు. భయం కమ్ముకోగానే ఆ మనిషి ధ్యాసంతా తన మీదికే మళ్లుతుంది: నా గొంతు వణుకుతోందా, ముఖం ఎర్రబడిందా అని. ఎదుటివాళ్లు మామూలుగానే వింటున్న సంగతి కంటపడదు. చూపు తిప్పుకోవడం, ప్రతి మాటా ముందే లోపల వల్లెవేసుకోవడం లాంటి జాగ్రత్తలు పడతారు. గండం గడిస్తే ఆ జాగ్రత్తల వల్లే గడిచిందనుకుంటారు. భయం మాత్రం చెక్కుచెదరదు.

దీనికి వ్యతిరేక దిశలో మనం చేసే పొరపాటు కూడా ఉంది. పిల్లవాడి బదులు అమ్మే డాక్టరుతో మాట్లాడటం, అన్నీ అన్నయ్యే కొనిపెట్టడం. ప్రేమతోనే చేస్తాం, కానీ ‘నువ్వు చేయలేవు’ అన్న మాటే వాళ్లకు చేరుతుంది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ) ఈ రెండింటికీ మధ్య దారి చూపుతుంది. వాళ్ల ఒప్పుదలతో, చిన్న మెట్టుతో మొదలుపెట్టాలి. ఇవాళ కిరాణా కొట్లో ధర అడగడం, అది అలవాటయ్యాక కొన్న వస్తువు మార్చి ఇమ్మనడం, ఇంకొన్నాళ్లకు క్లాసులో ఒక ప్రశ్న. టీచర్లు కూడా మొదట ఇద్దరు స్నేహితుల ముందు చెప్పించి, తర్వాత తరగతి ముందుకు తీసుకురావచ్చు.

అపోహ: మందులు మొదలుపెడితే బానిసలవుతారు. దానికంటే ఒక పెగ్గేస్తే ధైర్యం అదే వస్తుంది.

వాస్తవం: అవసరమైతే సైకియాట్రిస్టులు సాధారణంగా రాసే ఎస్ఎస్ఆర్ఐ మందులు మత్తుమందులు కావు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఉన్నట్టుండి మానేయకుండా డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. మద్యం ఇచ్చే ధైర్యం ఆ పూటకే. నలుగురిలోకి వెళ్లాలన్నప్పుడల్లా అదే కావాలనిపిస్తుంది, నిజమైన వ్యసనం అక్కడ మొదలవుతుంది.

మరి ఎవరిని అడగాలి? 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అయితే కొత్తవాళ్లకు ఫోన్ చేయడమే ఈ సమస్య ఉన్న చాలామందికి కష్టం. నంబరు చేతికిచ్చి ‘నువ్వే మాట్లాడుకో’ అనకండి. వాళ్లకు ఇష్టమేనా అని అడిగి, పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి కాల్ మీరు చేయండి.