బడులు తెరవాలా, వద్దా? ఆ చర్చ మీకింకా పనికొస్తుంది!

ప్లేస్‌మెంట్స్ సీజన్ నడుస్తోంది. గ్రూప్ డిస్కషన్‌లో మీకో అంశం ఇచ్చారనుకోండి: ‘మహమ్మారి సమయంలో బడులు తెరవడం సరైనదేనా?’ పది మందిలో ఐదుగురు ‘ప్రాణం కంటే చదువు ఎక్కువా?’ అంటారు. మిగతా ఐదుగురు ‘ఫోన్‌లో చదువు వస్తుందా?’ అంటారు. పదిహేను నిమిషాలు ఒకరి మాట మీద ఇంకొకరు పడి మాట్లాడాక, వినేవాళ్లకు పది మందీ ఒకేలా కనిపిస్తారు.

మీకు మాత్రం ఇక్కడో సౌకర్యం ఉంది. ఇది మీరు పుస్తకంలో చదివిన అంశం కాదు. మీ మీదే జరిగిన ప్రయోగం. దాన్ని సరిగ్గా చెప్పడం వస్తే జీడీలోనే కాదు, హెచ్‌ఆర్ ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది.

మీ బ్యాచ్ కథ, తేదీలతో సహా

2022లో ఇంటర్ పూర్తిచేసి, ఇప్పుడు ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో ఉన్న తెలంగాణ విద్యార్థులా? అయితే ఒకసారి వెనక్కి చూడండి. 2020 మార్చి 19న మీ టెన్త్ పరీక్షలు మొదలయ్యాయి. పదకొండు పేపర్లలో మూడు రాశాక ఆగిపోయాయి. జూన్ 8న ప్రభుత్వం మిగిలినవి రద్దు చేసి, దాదాపు 5.34 లక్షల మందిని ఇంటర్నల్ మార్కులతో పాస్ చేసింది. సెప్టెంబర్ 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిదో తరగతి నుంచి పైవారికి గేట్లు తెరిచారు. హాస్టళ్లు, గురుకులాల్లో కేసులు బయటపడటంతో మార్చి 24 నుంచి మళ్లీ మూశారు.

అంటే ఇంటర్ మొదటి ఏడాదిలో మీరు కాలేజీలో కూర్చున్నది రెండు నెలలు కూడా లేదు. అక్టోబర్ 25 నుంచి ఆ ఏడాది పరీక్షలు పెడితే 49 శాతమే పాసయ్యారు. పెద్ద గొడవ జరిగాక, డిసెంబర్ 24న మిగతావారందరికీ కనీస మార్కులు వేసి పాస్ చేస్తున్నట్టు ప్రకటించారు. బడి మూత ఖరీదు ఎంతో చెప్పడానికి ఈ 49 శాతం చాలు. అయితే తెరిచి ఉంచితే ఏం జరిగేదన్నది కూడా అంతే గట్టి ప్రశ్న.

రెండు వైపులా బలం ఉంది

మా పీర్జాదిగూడ సంగతే తీసుకుందాం. ఇక్కడ, పక్కనే బోడుప్పల్‌లో, అటు నాచారంలో చాలా కుటుంబాలు రెండు గదుల పోర్షన్లలో ఉంటాయి. నానమ్మ, తాత, పిల్లలు అందరూ అక్కడే. బడి నుంచి వైరస్ వస్తే పిల్లాడికి జలుబుతో పోవచ్చు. అదే గదిలో పడుకునే షుగరున్న తాతకు అలా పోకపోవచ్చు. ‘మూయండి’ అన్న తల్లిదండ్రుల భయం వెనక ఉన్న లెక్క ఇదే. దాన్ని అతి భయమని కొట్టిపారేయలేం.

ఇప్పుడు రెండో వైపు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో డ్యూటీ చేసే నాన్న దగ్గర ఇంటికంతటికీ ఒకే స్మార్ట్‌ఫోన్ ఉంటే, పొద్దున అది ఆయనతోపాటే వెళ్లిపోతుంది. పాఠం పది గంటలకు, ఫోన్ ఇంటికొచ్చేది రాత్రికి. 2021 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో 67.6 శాతం పిల్లల ఇళ్లల్లో స్మార్ట్‌ఫోన్ ఉంది. కానీ ఫోన్ ఉన్న ఇళ్లలోనూ నలుగురిలో ఒకరికి అది చేతికందలేదు. ఫలితం 2022 సర్వేలో తేలింది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగేవారు 2018లో 27.3 శాతం ఉంటే, 20.5 శాతానికి పడిపోయారు.

టీచర్లనూ మర్చిపోవద్దు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 46 ప్రకారం ప్రైవేటు బడులు ఫీజు పెంచకూడదు, నెలనెలా ట్యూషన్ ఫీజు మాత్రమే తీసుకోవాలి. తల్లిదండ్రులకు అది ఊరట. కానీ చాలాచోట్ల టీచర్ల జీతాలు సగమయ్యాయి, కొన్నిచోట్ల పూర్తిగా ఆగాయి. మా కాలనీలో లెక్కలు చెప్పే సార్ ఒకరు ఆ రోజుల్లో కూరగాయల బండి పెట్టుకున్నారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు, సిబ్బందికి నెలకు రూ.2,000, పాతిక కిలోల బియ్యం ప్రకటించింది. బడి కొందరికి చదువు, కొందరికి కొలువు. జీడీలో ఈ రెండో మాట అనేవాళ్లు చాలా తక్కువ.

గేటు దగ్గర గన్ను, గదిలో గాలి

ఇంజినీరింగ్ చదివేవారికి అసలు ఆసక్తి కలిగించాల్సింది ఇక్కడే. బడులు తెరిచినప్పుడు ఎక్కువ హడావుడి గేటు దగ్గర కనిపించింది. థర్మల్ గన్, శానిటైజర్, బెంచీల మీద స్ప్రే. లక్షణాలు లేకుండా వైరస్ మోసే పిల్లాడిని థర్మల్ గన్ పట్టుకోలేదు. అది జ్వరాన్ని మాత్రమే చూస్తుంది.

ఉప్పల్ రోడ్డులో హబ్సిగూడ దగ్గరున్న సీసీఎంబీ శాస్త్రవేత్తలు, చండీగఢ్‌లోని ఇమ్‌టెక్‌తో కలిసి హైదరాబాద్, మొహాలీ ఆసుపత్రుల్లో గాలి నమూనాలు పరీక్షించారు. కొవిడ్ రోగులున్న గదుల గాలిలో వైరస్ దొరికింది. గదిలో రోగులు పెరిగేకొద్దీ దొరికే అవకాశమూ పెరిగింది. మనకు సిటీ బస్సు దూరంలో జరిగిన పని ఇది.

ఇజ్రాయెల్‌లో 2020 మే నెలలో బడులు తెరిచారు. కొద్ది రోజులకే వడగాలులు రావడంతో మాస్కుల నుంచి మినహాయింపు ఇచ్చి, ఏసీలు వేశారు. జెరూసలేంలోని ఒక్క హైస్కూల్లోనే 153 మంది విద్యార్థులకు, 25 మంది సిబ్బందికి వైరస్ సోకింది. కిక్కిరిసిన తరగతులు, మూసిన గదులు, తీసేసిన మాస్కులు కలిస్తే జరిగేది అదే.

ఇళ్ల మధ్య మూడు, నాలుగు అంతస్తుల భవనాల్లో నడిచే మన బడుల గదులు గుర్తు చేసుకోండి. చాలావాటికి ఒకవైపే కిటికీ. కాబట్టి ‘తెరవాలా?’ అనే ముందు ‘ఏ గది తెరవాలి, అందులో ఎందరిని కూర్చోబెట్టాలి?’ అని అడగాలి.

ఇందులో మీకో మినీ ప్రాజెక్టు కూడా ఉంది. మనం వదిలే ఊపిరితో మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. బయటి గాలిలో అది సుమారు 420 పీపీఎం. తరగతి నిండాక ఎంతకు చేరుతుందో ఒక ఎన్‌డీఐఆర్ సెన్సర్, ఈఎస్‌పీ32 బోర్డు పెట్టి కొలవండి. చవకని ఎంక్యూ135 కొనకండి, అది రకరకాల వాయువులకు స్పందిస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌ను విడిగా చెప్పలేదు. కిటికీలు మూసి ఒకరోజు, తెరిచి ఒకరోజు రీడింగులు తీసి గ్రాఫ్ గీస్తే, రెజ్యూమెలో రాసుకోదగ్గ పని అవుతుంది. ఇంటర్వ్యూలో దాని గురించి పది నిమిషాలు మాట్లాడగలరు కూడా.

ముందు ఎవరిని పిలవాలి?

తెలంగాణ 2021 ఫిబ్రవరిలో పెద్ద తరగతులను ముందు పిలిచింది. కారణాలు తేలికే. వాళ్లకు బోర్డు పరీక్షలున్నాయి, మాస్కు పెట్టుకోమంటే వింటారు. కానీ అదే ఏడాది జులైలో ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ బలరాం భార్గవ, ముందు ప్రాథమిక బడులే తెరవడం మంచిదన్నారు. చిన్నపిల్లలు ఈ వైరస్‌ను పెద్దలకన్నా బాగా తట్టుకుంటారన్నది ఆయన వాదన. డెన్మార్క్ 2020 ఏప్రిల్‌లో చేసింది కూడా అదే. చిన్నవాళ్లను ముందు పిలిచింది.

ఇద్దరిలో ఎవరు రైట్? దేన్ని కొలుస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. పరీక్ష ముఖ్యమనుకుంటే పెద్దవాళ్లు ముందు. అక్షరం ముఖ్యమనుకుంటే చిన్నవాళ్లు ముందు. ఫోన్‌లో పాఠం విని ఇంటర్ ఫిజిక్స్ ఎంతో కొంత లాగించవచ్చు, అఆలు దిద్దడం కుదరదు. అందుకే నా ఓటు చిన్నవాళ్లకే. మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు, కొలమానం మాత్రం ముందే చెప్పండి.

హైకోర్టు చూపిన దారి

2021 సెప్టెంబర్ 1న అన్ని తరగతులూ మొదలుపెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. అప్పటికి పిల్లలకు టీకాలు మొదలు కాలేదు. 15–18 ఏళ్లవారికి మొదలైంది 2022 జనవరి 3నే. ఆగస్టు 31న తెలంగాణ హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. బడులు తెరవొద్దనలేదు. పిల్లల్ని రమ్మని బలవంతం చేయొద్దని, రానివారిపై చర్యలు తీసుకోవద్దని చెప్పింది. ఏదైనా జరిగితే బాధ్యత మాది కాదంటూ తల్లిదండ్రులతో రాయించుకునే పత్రాలు చెల్లవంది. గురుకులాలు, హాస్టళ్లను అప్పటికి ఆపింది.

గమనించారా? తెరవడం, మూయడం అనే రెండు ముక్కల ప్రశ్నను కోర్టు చిన్నచిన్న ప్రశ్నలుగా విడగొట్టింది. రాత్రీపగలూ కలిసి ఉండే హాస్టల్‌కు ఒక నియమం, సాయంత్రానికి ఇంటికెళ్లే బడికి ఇంకొకటి. ఇంట్లో పెద్దవాళ్లున్న కుటుంబానికి ఆగే వీలు, ఫోన్ లేని కుటుంబానికి పంపే వీలు. రిస్క్ ఎవరి మీద పడుతుందో వాళ్లకే ఎంచుకునే అవకాశం. జీడీలో మీరు చేయాల్సిందీ ఇదే. ‘అవును’, ‘కాదు’ అనకుండా ‘ఎవరికి, ఎప్పుడు, ఏ షరతుతో’ అని మొదలుపెట్టండి. చర్చ మీ వైపు తిరుగుతుంది.

‘మీరు కరోనా బ్యాచ్ కదా?’ అంటే

హెచ్‌ఆర్ నవ్వుతూ ఈ మాట అనొచ్చు. చిన్నబుచ్చుకోవద్దు, సంజాయిషీ చెప్పుకోవద్దు. మూడు వాక్యాలు చాలు. ఒకటి, జరిగింది: ‘టెన్త్ పరీక్షలు మధ్యలో ఆగాయి, ఇంటర్ మొదటి ఏడాది దాదాపు మొత్తం ఇంట్లోనే.’ రెండు, నష్టం: ‘ప్రాక్టికల్స్ చేయలేదు, లెక్కల్లో పునాది వీకయింది’ లాంటిది, మీ విషయంలో నిజమైనదే. మూడు, దాన్ని ఎలా పూడ్చుకున్నారు: ఏ సబ్జెక్ట్, ఎన్ని నెలలు, ఏ ప్రాజెక్టు. మెమోలో ఉన్న గ్రేడునే రెజ్యూమెలో రాయండి, పెంచొద్దు. సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో దొరికిపోతారు.

మూడో వాక్యానికి మీ దగ్గర జవాబు లేకపోతే, ఇంటర్వ్యూకు ముందే ఇప్పుడే మొదలుపెట్టండి. మీకు కొన్ని నెలలున్నాయి. అప్పట్లో మూడో తరగతిలో ఉన్న పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. వాళ్లలో కొందరు ఇంకా కూడికలు, చదవడం దగ్గరే తడబడుతున్నారు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటి తమ్ముడో చెల్లో ఉంటే వారానికి రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పండి. రేపు మీలో కొందరు డీఎస్సీ రాసి టీచర్లవుతారు, కొందరు గ్రూప్స్ రాసి ఆఫీసర్లవుతారు. ఇంకో మహమ్మారి వస్తే ‘బడి తెరవాలా?’ అన్న ఫైలు మీ టేబుల్ మీదికే రావచ్చు. అప్పుడు గేటు దగ్గర గన్ను ఉందా అని కాకుండా, గదిలో కిటికీ ఉందా అని, ఇంట్లో ఫోన్ ఉందా అని అడగండి.